మూడు పద్ధతుల నేల: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల భూవివాదాలకు చారిత్రక కారణాలు

ఉపోద్ఘాతం

రెండు కులాలవారు ఒక చేను కోసం ఘర్షణ పడ్డారని వినగానే దానికి కారణాన్ని ఆ కులాల మధ్య ఉన్న పాత వైరంలో వెదకడం సాధారణంగా జరిగే పని. ఆఫ్రికా దేశాలలో భూమి కోసం జరిగిన సంఘర్షణలను గూర్చి రాసినవారు సైతం చాలాకాలం ఈ మార్గంలోనే నడిచారు. తెగలున్నాయి కాబట్టి తెగల పోరు ఉన్నదని తేల్చారు. కారణాన్నీ కార్యాన్నీ ఒకే మాటతో చెప్పి ఊరుకున్న ఈ వివరణకు ఒక పెద్ద లోపం ఉంది. పోరు ఒకచోట జరిగి మరొకచోట ఎందుకు జరగలేదో, ఆ రెండు తెగలే పక్క సీమలో ఎట్లా కలిసి బతుకుతున్నాయో అది చెప్పలేదు.

ఈ వ్యాసం అదే ప్రశ్నను చిత్తూరు సీమ పడమటి అంచుకు తెచ్చి అడుగుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒకే పీఠభూమికి చెందిన ప్రాంతాలు. వాన తక్కువ, నేల ఎరుపు, చెరువే ఆధారం. జనంలోని కులాలు కూడా చాలావరకు ఉమ్మడివే. కాని 19వ శతాబ్దంలో ఈ మూడు ప్రాంతాలకు వర్తించిన భూమి పద్ధతులు వేరు. ఒక్కొక్క పద్ధతి ఒక్కొక్క సముదాయానికి ఒక్కొక్క రకం సాక్ష్యాన్ని చేతికిచ్చింది. ఒక సాక్ష్యం మరొకదానిని చెల్లనివ్వని చోట వివాదం పుట్టింది. భూవివాదాలలో కులం కనిపించే మాట నిజమే. అయితే కులం అక్కడికి వైరంగా రాలేదు, హక్కును పొందే దారిగా వచ్చిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఆఫ్రికా నుంచి నేర్చుకోదగినది

చిత్తూరు సీమను పరిశీలించే ముందు ఆఫ్రికా ఉదాహరణలు రెండింటిని చూడడం అవసరం. ఈ ప్రశ్నను అక్కడి చరిత్రకారులు మనకన్నా నిశితంగా అడిగారు. మహమూద్ మమ్దానీ 1996లో ప్రచురించిన గ్రంథంలో వలస ప్రభుత్వం గ్రామీణ ఆఫ్రికాను తెగలవారీగా విభజించి, ఒక్కొక్క తెగకు ఒక నాయకుణ్ణి గుర్తించి, భూమిని పంచే అధికారాన్ని అతని చేతిలో పెట్టిన తీరును వివరించాడు. దాని ఫలితంగా భూమి కావాలంటే తెగలో సభ్యత్వం కావలసివచ్చింది. తెగ అంతకుముందు లేదని కాదు. అది భూమికి తాళంచెవి కావడం మాత్రం ఈ ఏర్పాటుతో బిగిసింది.

కెన్యాలో 1902, 1915 సంవత్సరాల క్రౌన్ భూముల శాసనాలు ఎత్తైన సారవంతమైన నేలను ఐరోపా వలసదారులకు కేటాయించి, స్థానికులను తెగల పేరిట ఏర్పరచిన రిజర్వులకు పరిమితం చేశాయి. 1963లో స్వాతంత్ర్యం వచ్చాక రిఫ్ట్ లోయలోని ఆ భూములలో కొంతభాగం కొనుగోళ్ల ద్వారా, పునరావాస పథకాల ద్వారా కికూయులకు చేరింది. కొనుగోలు పత్రం వారి సాక్ష్యం. ఇది మా తాతల మేతనేల అన్నది కలెంజిన్, మాసాయి సముదాయాల సాక్ష్యం. రెండూ అబద్ధాలు కావు. 1992, 1997 ఎన్నికల కాలంలోనూ, 2007-08లోనూ జరిగిన హింసకు ఈ రెండు సాక్ష్యాల మధ్య తెగని తగవు ఒక ముఖ్యమైన ఆధారం. 2007-08 హింసలో మృతుల సంఖ్యను విచారణ సంఘం 1,133గా లెక్కించింది. ఐవరీ కోస్టులో మరో తీరు కనిపిస్తుంది. సాగుచేసినవాడిదే నేల అన్న విధానం కింద దశాబ్దాల పాటు పొరుగుదేశాల వలసకూలీలు కోకో తోటలు వేశారు. 1998 నాటి గ్రామీణ భూచట్టం యాజమాన్యాన్ని ఆ దేశపౌరులకే పరిమితం చేయడంతో సాగు అన్న పాత సాక్ష్యం బలం తగ్గి, పుట్టుక అన్న కొత్త సాక్ష్యం బలం పెరిగింది.

ఈ ఉదాహరణలలో తెగల సంఖ్య గాని, భాషల సంఖ్య గాని నిర్ణాయకం కాదు. ఏ సాక్ష్యాన్ని ఏ అధికారం ఎప్పుడు గుర్తించింది అన్నది నిర్ణాయకం. ఈ కొలమానంతోనే మన ప్రాంతాన్ని కొలవవచ్చు. మన దగ్గర హింస ఆ స్థాయిలో లేదు కాబట్టి పోలిక అనవసరమన్న అభ్యంతరం రావచ్చు. పోలిక ఇక్కడ హింసకు సంబంధించినది కాదు, హక్కు తయారైన విధానానికి సంబంధించినది.

ఒక పాళెగాడు భరణానికి, మరొక పాళెగాడు జమీందారీకి

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అది రెండు జిల్లాల ముక్కలతో కుట్టిన బొంతవంటిది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి వచ్చాయి. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చాయి. కుట్టు కనబడకుండా పోయింది గాని బొంతలోని గుడ్డల గుణం మారలేదు.

మదనపల్లె ప్రాంతం 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలంలో భాగం. ఆ సంవత్సరం నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో అక్కడ సుమారు 80 మంది పాళెగాళ్లను అణచివేసి, వారిలో లొంగినవారికి భరణాలిచ్చి, భూమి మీద నుంచి తొలగించాడు. పొలాలను కొలిపించి ప్రభుత్వానికీ రైతుకూ మధ్య నేరుగా లెక్క పెట్టాడు. ఆ రైత్వారీ పద్ధతిని మధ్యలో కొంతకాలం పక్కనపెట్టి గ్రామగుత్తలు ప్రయత్నించినా, 1820 తరువాత అదే స్థిరపడింది. పట్టా అన్న కాగితం అక్కడి రైతుకు ఆనాటినుంచే పరిచయం.

పుంగనూరు, కంగుంది పాళెగాళ్ల గతి దీనికి భిన్నం. వారు జమీందార్లుగా నిలబడ్డారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నాటి 25వ రెగ్యులేషన్ ప్రవేశపెట్టిన జమీందారీ భావన ప్రకారం ఎస్టేటులోని బంజరు, అడవి, చెరువులపై పెత్తనం జమీందారుది. రైతు జమీందారుకు శిస్తు కట్టేవాడు. ప్రభుత్వంతో అతనికి ప్రత్యక్ష సంబంధం లేదు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ భూముల చట్టం వచ్చేదాకా అతని సాగు హక్కుకు గట్టి శాసనరక్షణ దొరకలేదు. ఆ చట్టం కూడా రైతు భూమిని, జమీందారు సొంత కమతాన్ని వేరుచేసి, ఏది ఏదో తేల్చే పని వివాదాలకు వదిలింది.

ఒకే రకమైన పాళెగాడు ఒక గట్టుకు ఇటు భరణగ్రహీత, అటు జమీందారు కావడం కంపెనీవారి యుద్ధావసరాల ఫలితం. గ్రామాలలోని సముదాయాలకు ఇందులో ప్రమేయం లేదు. కాని ఫలితాన్ని అనుభవించినవి ఆ సముదాయాలే. పాళెపట్టులో కావలికీ పోరుకూ పనికివచ్చిన బోయలు మొదలైనవారికి అమరం, కట్టుబడి అన్న పేర్లతో మాన్యాలుండేవి. యుద్ధం పోయాక ఆ సేవ అక్కరలేకుండా పోయింది. సేవ లేనప్పుడు మాన్యం ఎందుకన్న ప్రశ్నను రైత్వారీలో కలెక్టరు అడిగాడు, ఎస్టేటులో జమీందారు అడగగలిగాడు. కత్తి పట్టినందుకు వచ్చిన నేలను కత్తి కింద పెట్టమన్న ప్రభుత్వమే ప్రశ్నించడం ఆ కుటుంబాలకు ఎట్లా తోచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

మాన్యం: కులానికి నేల కట్టిన ముడి

ఆఫ్రికాలో తెగ నాయకుడి ద్వారా జరిగినది మన గ్రామాలలో మాన్యం ద్వారా జరిగింది. ఈ విషయంపై కొంచెం ఎక్కువసేపు నిలవాలి.

కరణం, రెడ్డి లేదా మునసబు, తలారి, వెట్టి, కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి, పురోహితుడు, గుడి అర్చకుడు, దర్గా ముజావరు, ఖాజీ: ప్రతి సేవకూ ఒక తునక నేల. సేవ కులానికి కట్టుబడి ఉండడం వల్ల నేల కూడా కులానికి కట్టుబడింది. ఇది దానమూ కాదు, కొనుగోలూ కాదు. జీతానికి బదులుగా పంటను అనుభవించే ఏర్పాటు. ఊరి దృష్టిలో అది ఫలానా ఇంటివారి మాన్యం. ఆ ఇంటి అన్నదమ్ములు వంతులవారీగా సేవచేసి వంతులవారీగా పంట తీసుకునే వీలుండేది.

1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఈ వంతుల లోకాన్ని పత్రాల లోకంలోకి మార్చడం మొదలుపెట్టింది. విచారించి, ఒక వ్యక్తి పేర హక్కుపత్రం ఇచ్చి, నామమాత్రపు పన్ను నిర్ణయించి, అనేక ఇనాములను సేవాబాధ్యత నుంచి విడుదల చేసింది. వంతులలో ఉన్న నలుగురిలో ఒకరి పేరు పత్రంలోకి ఎక్కితే మిగిలిన ముగ్గురు ఊరి జ్ఞాపకంలో మిగిలారు. తరువాతి తరంలో ఆ ఒక్కరి వారసుడు నేలను అమ్మితే కొన్నవాడు పత్రం చూసి కొన్నాడు. ముగ్గురి వారసులు మాన్యం మా కులానిది, అమ్మకానికి లేదు అన్నారు. ఈ రకం తగవు ఆరంభంలో ఇంటి తగవు. కొన్నవాడు మరో కులంవాడైనప్పుడు అది కులాల తగవుగా పేరు మార్చుకుంటుంది. వివాదం పైకి కనిపించే రూపాన్ని చూసి దాని జన్మను నిర్ణయించకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పద్ధతుల తేడా ఇక్కడ కూడా కనిపిస్తుంది. గ్రామసేవల విషయంలో జమీందారీలకు 1894లో ఒక చట్టం, ఇతర గ్రామాలలోని వంశపారంపర్య పదవులకు 1895లో మరొక చట్టం చేశారు. అంటే పుంగనూరు పక్కనే ఉన్న రెండు ఊళ్లలో ఒకే పనిచేసే ఇద్దరు తలారుల మాన్యాలు రెండు వేర్వేరు శాసనాల కింద ఉండే అవకాశం ఉంది. వారిద్దరూ వియ్యమందుకునేవారే కావచ్చు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం, 1956లో ఆంధ్ర ప్రాంతపు ఇనాంల రద్దు చట్టం వచ్చి ఈ భూములన్నిటినీ రైత్వారీగా మార్చబూనాయి. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు కూడా రద్దయ్యాయి. కరణం పోవడం సామాజికంగా న్యాయమే. కాని ఏ తునక ఏ సేవకు ఏ ఇంటికి ఇచ్చారన్న లెక్క కరణం తలలోనూ, కవిలెకట్టలలోనూ ఉన్నది. కొత్త ఉద్యోగికి అందినది కట్టలే, అవీ అందినన్ని.

బంజరు ఎవరిది?

ఈ ప్రాంతపు నేటి భూవివాదాలకు అన్నిటికన్నా లోతైన కారణం బంజరు భూముల చరిత్రలో ఉన్నదని నా అభిప్రాయం. మూడు పద్ధతుల తేడా దళిత, గిరిజన సముదాయాల మీద పడినది ఇక్కడే.

రైత్వారీ ప్రాంతంలో బంజరు ప్రభుత్వానిది. సాగుచేయదలచినవాడు దర్ఖాస్తు పెట్టి తీసుకోవచ్చు, వద్దనుకుంటే రాజీనామా ఇచ్చి వదులుకోవచ్చు. నేడు ఉద్యోగం వదలడానికి వాడుతున్న ఈ రెండో మాట ఒకప్పుడు చేను వదలడానికి వాడినదని గుర్తుంచుకోవడం మన భాషాచరిత్రకారులకు ఉపయోగపడుతుంది. 1892లో మద్రాసు ప్రభుత్వం నిమ్నజాతులవారికి షరతులతో బంజరు కేటాయించే ఏర్పాటు చేసింది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక దీనికి ప్రేరణ. ఈ ఏర్పాటు ప్రభుత్వం చేతిలో బంజరు ఉన్నచోట మాత్రమే సాధ్యం. మదనపల్లె వైపు ఊళ్లలోని మాల, మాదిగ కుటుంబాలకు సూత్రప్రాయంగానైనా ఈ దారి తెరిచి ఉన్నది. పుంగనూరు, కంగుంది ఎస్టేటు గ్రామాలలో బంజరు జమీందారుది కాబట్టి ఈ దారి మూసి ఉన్నది. అక్కడి దళితుడు నేల కావాలంటే జమీందారు ఉద్యోగులను, వారి ద్వారా ఊరి పెద్దరైతును ఆశ్రయించవలసిందే. ప్రభుత్వ బంజరు అన్న మాటకే 1948 చట్టం అమలయ్యేదాకా ఆ గ్రామాలలో అర్థం లేదు. పక్కపక్క తాలూకాల దళితుల మధ్య అరవై ఏళ్ల తేడాను ఒక గెట్టు నిర్ణయించింది.

ఎస్టేటు రద్దు కాలం మరో చిక్కును తెచ్చింది. జమీందారీ పోతుందని తెలిసిన జమీందారు చేతిలో ఉన్న బంజరును, అడవిని ఎవరికో ఒకరికి రాసివ్వడానికి ప్రయత్నించడం సహజం. అందుకే శాసనకర్తలు 1945 జూలై 1వ తేదీని గీతగా గీశారు. ఆ తేదీన గాని ఆ తరువాత గాని జమీందారు ప్రవేశపెట్టినవారికి రైత్వారీ పట్టాకు అర్హత ఉండదన్నది నియమం. అందువల్ల ఎస్టేటు గ్రామాలలో హక్కు ఒక తేదీ చుట్టూ తిరిగింది. మా తాత అంతకుముందే దున్నాడన్న వాదన కావలసివచ్చింది. దానికి రుజువు జమీందారీ రశీదు. రశీదులు ఎవరి ఇళ్లలో భద్రంగా ఉంటాయి? చదువుకున్న, పెంకుటిళ్లున్న కుటుంబాలలో. గుడిసెలో ఉన్న కౌలుదారు దగ్గర, గొర్రెలు మేపుకొనే కురుబ, గొల్ల కుటుంబాల దగ్గర కాదు. మేపరికి అసలు రశీదు ఉండదు. అతని హక్కు ఋతువుతో వచ్చి ఋతువుతో పోయేది. పొట్టి ఆవులకు పేరొందిన పుంగనూరు సీమలో మేతనేల ఒకప్పుడు సాగునేలతో సమానమైన సంపద. సర్వే పుస్తకంలో దానికి దొరికిన చోటు మాత్రం పోరంబోకు.

ఈ పోరంబోకు తమిళం నుంచి వచ్చిన మాట. శిస్తు లెక్కకు వెలుపల ఉన్నదని దాని అర్థం. తెలుగు వాడుకలో అది పనీపాటా లేని మనిషికి తిట్టు కూడా అయింది. శిస్తు కట్టని నేల నిరర్థకమన్న రెవెన్యూ దృష్టి భాషలో దిగిన తీరు ఇది. పశువుల కాపరి ఈ మాటను ఎన్నడూ తయారుచేసి ఉండడు.

బంజరులో అనుమతి లేకుండా సాగుచేసినవారి కథ వేరు. 1905 నాటి భూఆక్రమణల చట్టం కింద వారికి జరిమానా శిస్తు వేసేవారు. దానిని శివాయిజమా అన్నారు. తప్పుకు వేసిన జరిమానాకు రశీదు ఇచ్చారు. ఆ రశీదే కాలక్రమంలో అనుభవానికి సాక్ష్యమై పట్టాకు దారి చూపింది. జరిమానా కట్టగల స్తోమత ఉన్నవాడికి ఆక్రమణ ఒక పెట్టుబడి అయింది. కట్టలేనివాడికి అది తప్పుగానే మిగిలింది.

డి.కె.టి. పట్టాలూ రెండు సత్యాలూ

దర్ఖాస్తు అన్న మాట కురుచై డి.కె.టి. అయింది. చిత్తూరు జిల్లాలో భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన పట్టాకు ఇదే వాడుక పేరు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఇటువంటి భూముల అమ్మకాన్ని చెల్లకుండా చేసింది. చట్టం ఉద్దేశం ఉదాత్తమైనది. కాని కరువు ఉద్దేశాలను లెక్కచేయదు. బావి లేని మెట్టనేల, ఎద్దులు లేని ఇల్లు, అప్పు ఇచ్చిన పెద్దరైతు: ఈ మూడూ కలిసినచోట తెల్లకాగితం మీద అమ్మకం జరిగేది. కొన్నవాడు రాళ్లు ఏరి, బోరు వేసి, టమాట నాటాడు. మదనపల్లె మార్కెట్టు పెరిగింది. బెంగళూరు దగ్గరైంది. కుప్పం వైపు గ్రానైటుకు గిరాకీ వచ్చింది. రాళ్లదిబ్బగా చేతులు మారిన ఎకరాకు ఊహించని విలువ వచ్చింది. అప్పుడు అసలు పట్టాదారు మనవడు చట్టాన్ని చూపి భూమి తిరిగి అడిగాడు.

ఇక్కడ రెండు వాదనలలోనూ సత్యం ఉంది. ఒకరిది శాసనసత్యం, మరొకరిది శ్రమసత్యం. పట్టా పొందినవారు ఎక్కువగా దళితులో, సుగాలీలో, యానాదులో కావడం, కొన్నవారు ఎక్కువగా వ్యవసాయ కులాలవారు కావడం వల్ల ఈ వివాదం కులఘర్షణగా కనిపిస్తుంది. రెండు వాదనలూ సమానమని మాత్రం నేను అనను. తెల్లకాగితం మీద రాసిన ధరలో ఆకలి పాలు ఎంతో తెలియకుండా ఆ కాగితాన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఒప్పందం అనలేము.

సుగాలీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన్యం ప్రాంతాలలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959 నాటి భూబదిలీ నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ రక్షణ కల్పించాయి. ఒకటి బై డెబ్బై అన్న పేరు తెలుగుదేశమంతటా తెలుసు. కాని అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. చిత్తూరు సీమలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. కాబట్టి మదనపల్లె చుట్టుపక్కల తండాలలోని సుగాలీలకు గిరిజనులన్న గుర్తింపు ఉన్నా ఆ నేలరక్షణ లేదు. వారికి మిగిలిన కవచం 1977 చట్టమొక్కటే. ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి, రోడ్లూ రైళ్లూ వచ్చాక ఆ వృత్తి పోయి స్థిరపడవలసివచ్చిన సముదాయం అది. వారు స్థిరపడే నాటికి మంచినేల పంచుకోవడం అయిపోయింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండలను రిజర్వు అడవులుగా గీయడం ప్రారంభించి ఉన్నది. అడవి గీతకూ ఊరి గెట్టుకూ నడుమ దొరికిన చోటే చాలా తండాలకు ఆధారం. గీత కొంచెం జరిగితే తండా ఆక్రమణదారు అవుతుంది.

2004లో రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమిని ప్రభుత్వం ప్రజావసరానికి తీసుకుంటే పట్టాభూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023లో చేసిన సవరణ 20 ఏళ్లు గడిచిన మూల లబ్ధిదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. మరుసటి సంవత్సరం అక్రమాల ఆరోపణలతో ఆ రిజిస్ట్రేషన్లు ఆగాయి. నియమం మారిన ప్రతిసారి ఒక సాక్ష్యం బలపడి మరొకటి నీరసించడం ఐవరీ కోస్టు చరిత్రను గుర్తుచేస్తుంది. అక్కడ సాగు నుంచి పుట్టుకకు బరువు మారింది. ఇక్కడ అది షరతు నుంచి కాలానికి మారింది.

కుప్పం: మూడు భాషలు, ఒక ప్రశ్న

తెగను లేదా భాషను సంఘర్షణకు కారణంగా భావించేవారు కుప్పాన్ని చూడాలి. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడేవారు తరతరాలుగా కలిసి ఉన్నారు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పుతో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయి, చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని గ్రామాలు చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. రాష్ట్రాల స్థాయిలో భాష ఇంత తగవు తెచ్చింది. చేను స్థాయిలో మాత్రం భాష హక్కుకు ఆధారం కాలేదు. తమిళం మాట్లాడే వన్నెకుల క్షత్రియుడి పట్టాకూ తెలుగు మాట్లాడే రైతు పట్టాకూ చట్టం ముందు తేడా లేదు. తమిళుడికి నేల ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే తెలుగు నాయకుడిని ఏ ప్రభుత్వమూ నియమించలేదు. మాన్యం విషయంలో కులానికి నేల దారి అయింది కాబట్టి కులం తగవులోకి వచ్చింది. భాష నేలకు దారి కాలేదు కాబట్టి అది రాలేదు. రెండు రకాల భేదాలూ ఒకే ఊళ్లో ఉండి, ఒకటి మాత్రమే భూవివాదపు భాషగా మారడాన్ని స్వభావాల సిద్ధాంతం వివరించలేదు.

చుక్కలు, కట్టలు, మంటలు

మదనపల్లె వైపు రైత్వారీ గ్రామాలలో పట్టా ముందే వచ్చినందువల్ల వివాదాలు తక్కువని అనుకోవడం కూడా పొరపాటు. అక్కడి చిక్కు పేరు చుక్కల భూమి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు తయారైనప్పుడు, ఫలానా సర్వే నంబరు ప్రభుత్వానిదో ప్రైవేటుదో తేలని చోట పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో గుమాస్తా చుక్కలు పెట్టాడు. బహుశా మళ్లీ విచారించి పూరించవచ్చన్న ఉద్దేశంతోనే. నూరేళ్ల తరువాత ఆ చుక్కలను ప్రభుత్వం తనవిగా చదివింది, సాగుదారు తనవిగా చదివాడు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కొత్తరూపం పొందాక ఇటువంటి భూములు నిషేధిత జాబితాలలో చేరాయి. 2017లో చేసిన ప్రత్యేక చట్టం 12 ఏళ్లకు మించిన అనుభవాన్ని చూపినవారికి దారి తెరిచింది. ఇక్కడ కూడా అనుభవాన్ని చూపడమంటే అడంగలులో పేరు చూపడమే. కౌలుకు దున్నినవాడి పేరు అడంగలులో ఎక్కడం ఊరి బలాబలాలను బట్టి ఉండేది.

పరిశోధకుడు వాడే ఆకరాలకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. కాలిన్ మెకంజీ దత్తమండలంలో సేకరింపజేసిన కైఫీయతులు, సి.పి. బ్రౌన్ కడపలో నకళ్లు రాయించి కాపాడిన సంపుటాలు మనకు అమూల్యాలు. ఊరి పుట్టుక, చెరువు కట్టినవారు, అగ్రహారాలు, మాన్యాలు వాటిలో వరుసగా కనిపిస్తాయి. అయితే ఆ వివరాలకు కరణాల నోరు, కరణాల కవిలెలే ప్రధానమైన ఆధారాలు. మేపరి గాని, వెట్టివాడు గాని ఆ కథనాన్ని చెప్పలేదు. కైఫీయతును భూచరిత్రకు ఆధారంగా చూపేవారు అది కూడా ఒక సముదాయం చేతిలోని సాక్ష్యమేనని మరచిపోతే ఇనాం కమిషన్ చేసిన పనినే మరోసారి చేసినవారవుతారు. తండాల పాటలు, చేల పేర్లు, గెట్టుచెట్ల గుర్తులు, జాతర్లలో బలి అన్నం చల్లే పొలిమేరల దారి: వీటిని సేకరించే పని తెలుగు శాఖలు చేయగలవు, రెవెన్యూ శాఖ చేయలేదు.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో నిలిచాయి. 1911లో కుట్టిన కుట్టు ఇంచుమించు అదే చోట విడిపోయింది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు రేగి భూములకు సంబంధించిన దస్త్రాలు కాలిపోయాయి. అది ప్రమాదం కాదన్న అనుమానంతో దర్యాప్తు జరిగింది. బాధ్యులెవరన్నది న్యాయస్థానాల పని. చరిత్రకారుడికి కావలసిన అంశం వేరొకటి ఉంది. భూదస్త్రాలు కాలినప్పుడు అందరి సాక్ష్యమూ సమానంగా కాలదు. రిజిస్టరైన క్రయపత్రానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు ఉంటుంది. కొన్నవాడి ఇంట్లో అసలు ఉంటుంది, న్యాయవాది దగ్గర మరొకటి ఉండవచ్చు. డి.కె.టి. పట్టా మంజూరు ఫైలు మాత్రం రెవెన్యూ కార్యాలయంలోనే ఉంటుంది. అది పోతే మిగిలేది పట్టాదారు ఇంట్లో, ట్రంకుపెట్టెలో, మడతల దగ్గర చిరిగిన ఒక్క కాగితం. చాలా ఇళ్లలో ఆ కాగితం కూడా ఎప్పుడో ఒక అప్పుకు కుదువగా వెళ్లి ఉంటుంది.